ముసలి గినీ పంది - దాని రోగములు, పోషణ

ప్రయోగశాల అనగానే జ్ఞాపకమునకు వచ్చు జంతువులలో గినీ పంది ఒకటి. పేరులో పంది యున్నను ఇది పంది కాదు. గినీ అనునది పశ్చిమాఫ్రికాలోని దేశము. ఈ జంతువునకు ఆ దేశముతో సంబంధము లేదు. ఎలుక, ఉడుత మొదలగు కొరికెడు జంతువుల వర్గమునకు ఇది చెందినది. మన ముళ్ళపంది కూడ పేరునకు మాత్రమే పంది. అదియు ఈ వర్గములోనిదే. గినీ పంది జన్మస్థానము దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతము. నేటి పెరూ, బొలీవియా దేశములున్న చోట ప్రజలు కొన్ని వేల సంవత్సరముల క్రిందటనే దీనిని మచ్చిక చేసి, మాంసము కొరకు ఇండ్లలో పెంచసాగిరి. 16వ శతాబ్దములో స్పెయిన్ దేశస్థులు దీనిని ఐరోపాకు తెచ్చిరి. 1554లో స్విట్జర్లండు ప్రకృతి శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ గెస్నర్ దీనిని గూర్చి వ్రాసెను.

ఆ తరువాత ఈ జంతువు రెండు చోట్లకు చేరినది. ఒకటి ప్రయోగశాల, రెండవది పిల్లలున్న ఇల్లు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు దీని శరీరమును గూర్చి ఎన్నో విషయములు తెలిసికొనిరి. కాని అచ్చట సాధారణముగా లేత వయస్సులోనే దీని పని ముగియును. దీనికి ముసలితనము వచ్చునది ఇంటిలోనే. ఐరోపా, అమెరికా దేశములలో చిరకాలముగా ఇది పెంపుడు జంతువు. నేడు మన నగరములలోని పెంపుడు జంతువుల దుకాణములలో కూడ ఇది దొరకుచున్నది. ముచ్చటపడి కొనితెచ్చిన చిన్న పిల్ల ఐదారేండ్లలో ముసలిదగును. అప్పుడు దంతములు, కీళ్ళు, మూత్రాశయము ఒకదాని తరువాత ఒకటి చెడును. వీనిలో చాల రోగములు పూర్తిగా నయమగునవి కావు. అట్టి జంతువును బాధ లేకుండ, వీలైనన్ని దినములు ఎట్లు బ్రతికించుకొనవలెను? దీనికి సమాధానము మందులకంటె ముందు దాని శరీరము పనిచేయు విధానములో ఉన్నది.

గినీ పంది సాధారణముగా 5 నుండి 7 సంవత్సరములు జీవించును. మంచి పోషణలో 8 సంవత్సరములు దాటునవియు కలవు. 1979లో ఇంగ్లండులో మరణించిన ఒక గినీ పంది 14 సంవత్సరముల 10 నెలలకు పైగా బ్రతికినట్లు నమోదైనది. అది మిక్కిలి అరుదైన విషయము. ఐదవ యేడు నిండినచో ముసలితనము ప్రారంభమైనదనియే భావించి, ఆనాటి నుండి జాగ్రత్త వహింపవలెను.

రోగమును దాచుకొను జంతువు

గడ్డి తిని బ్రతుకు చిన్న జంతువులకు శత్రువులెక్కువ. గ్రద్ద గాని నక్క గాని మందలో బలహీనముగా కనిపించిన దానిని ముందు పట్టుకొనును. కనుక ఇట్టి జంతువులు జబ్బుగా ఉన్నను ఆరోగ్యముగా ఉన్నట్లే మెలగును. గినీ పంది వేల సంవత్సరములుగా మనుష్యుల ఇండ్లలో పెరుగుచున్నను ఈ స్వభావమును విడువలేదు. కుక్కకు నొప్పి కలిగినచో మూలుగును. యజమాని వద్దకు వచ్చును. గినీ పంది అట్లు చేయదు. నొప్పి యున్నప్పుడు మూలకు చేరి, వీపు గూనిగా పెట్టి, వెండ్రుకలు నిక్కబొడుచుకొని, కండ్లు సగము మూసి కూర్చుండును. కొన్ని పండ్లు నూరును. మనుష్యులు దగ్గరకు పోయినచో ఇదియు మాని, చురుకుగా ఉన్నట్లు లేచి నిలుచును.

అందుచేత "నిన్నటివరకు బాగుగనే ఉన్నది, నేడు చనిపోయినది" అని చాలమంది ఆశ్చర్యపడుదురు. నిజమునకు అది బాగుగ లేదు. కొన్ని వారములుగా క్షీణించుచునే యున్నది. కంటికి కనిపించలేదు, అంతే. రెండు జంతువులు కలిసి యున్నచో గిన్నె ఖాళీ యగుట చూచి రెండును తిన్నవని అనుకొందురు. తిన్నది ఒక్కటియే కావచ్చును.

కాటా చెప్పు మాట

కంటికి కనిపించని దానిని కాటా చూపించును. ముసలి గినీ పందిని పెంచువారికి మిక్కిలి అవసరమైన పరికరము 5 గ్రాముల తేడాను కూడ చూపగల చిన్న కాటా. దానిపై ఒక గిన్నెనో బుట్టనో ఉంచి, దాని బరువు తీసివేసి, జంతువును అందులో కూర్చుండబెట్టి తూచవలెను. ఆరోగ్యముగా ఉన్నప్పుడు వారమునకొకసారి, జబ్బుగా ఉన్నప్పుడు ప్రతిదినము తూచవలెను. తినుటవలనను మూత్రము పోయుటవలనను ఒకే దినములో బరువు కొంత మారుచుండును. కనుక ఎప్పుడు తూచినను ఒకే వేళకు, ఉదయము ఆకుకూరలు పెట్టుటకు ముందు తూచుట మంచిది. తూచిన బరువును తేదీతో సహా పుస్తకములో వ్రాయవలెను.

ఒక ఉదాహరణ చూడుడు. ఆరేండ్ల గినీ పంది ఒకటి మొదటి వారము 1000 గ్రాములు, రెండవ వారము 990, మూడవ వారము 970, నాలుగవ వారము 940 గ్రాములు తూగినదనుకొందము. చూచుటకు జంతువు ఎప్పటివలెనే ఉండును. చేతికెత్తుకొన్నను ఈ తేడా తెలియదు. కాని మూడు వారములలో 60 గ్రాములు, అనగా 6 శాతము తగ్గినది. 60 కిలోల మనుష్యుడు మూడు వారములలో 3 కిలోల 600 గ్రాములు తగ్గినట్లే. మరియొక విషయము గమనింపవలెను. తగ్గుదల మొదట 10, తరువాత 20, ఆ తరువాత 30 గ్రాములు. అనగా క్షీణత వేగము హెచ్చుచున్నది. వారములను అడ్డముగా, బరువును నిలువుగా గుర్తించి రేఖాపటము గీచినచో ఆ గీత తిన్నగా దిగక క్రిందికి వంగిపోవుట విద్యార్థులకు స్పష్టముగా కనిపించును. ఇట్టి గీతను చూచిన వెంటనే పశువైద్యుని వద్దకు పోవలెను. ఐదవ వారము కొరకు వేచియుండరాదు.

బరువొక్కటే చాలదు. కడుపులో నీటి తిత్తి పెరుగుచున్నచో కండ కరిగినను బరువు తగ్గకపోవచ్చును. కనుక తూచునప్పుడెల్ల వెన్నెముకపై వ్రేలితో నిమిరి, ఎముకలు పైకి తేలినవేమో చూడవలెను. దంతములు, పాదముల అడుగు, కండ్లు, మలద్వారము కూడ అప్పుడే పరీక్షించుట మంచి అలవాటు.

ఆగక పెరుగు దంతములు

గినీ పందికి 20 దంతములు కలవు. ముందువైపు పైన రెండు, క్రింద రెండు కుంతకములు. తక్కిన 16 లోపలివైపు నమలు దంతములు. ఎలుకకు కుంతకములు మాత్రమే జీవితాంతము పెరుగును. గినీ పందికి అన్ని దంతములును పెరుగుచునే యుండును. గడ్డిలోని గట్టి పదార్థములు దంతములను అరుగదీయును. కనుక పెరుగుదలయు అరుగుదలయు సరిపోవును. ఈ లెక్క తప్పినప్పుడు రోగము ప్రారంభమగును.

ముసలితనములో నమలుట తగ్గినను, దవడ ఎముక బలహీనపడినను దంతములు ఒకదానికొకటి ఎదురుగా నిలువక ప్రక్కకు తిరుగును. క్రింది దవడలోని నమలు దంతములు లోపలివైపునకు పెరిగి, నాలుకపై వంతెనవలె కలియవచ్చును. అప్పుడు నాలుక కదలదు; ఆహారము గొంతులోనికి పోదు. ఈ స్థితిలోని జంతువు ఆకలి లేనిది కాదు. ఆహారము వద్దకు ఆత్రముగా వచ్చును, నోటితో పట్టుకొనును, మరల వదలివేయును. గడ్డి మాని మెత్తని వానిని మాత్రమే కోరును. గడ్డము తడిగా ఉండును. ఈ లక్షణములు కనిపించినచో దంతములే కారణమని అనుమానింపవలెను. ముందు దంతములు సరిగా కనిపించినంత మాత్రమున లోపలివి సరిగా ఉన్నవని చెప్పుటకు వీలులేదు.

చికిత్స పశువైద్యుడే చేయవలెను. ఆయన మత్తుమందిచ్చి, పెరిగిన భాగమును అరుగదీయును. ఇంటిలో గోళ్ళు కత్తిరించు సాధనముతో దంతములు కత్తిరించినచో అవి నిలువుగా పగులును. ఒకసారి వంకరపోయిన దంతములు మరల పెరుగును గనుక కొన్ని వారములకొకసారి ఈ చికిత్స అవసరము కావచ్చును. జంతువును పెంచువారు ఈ సంగతి ముందుగనే తెలిసికొని యుండవలెను.

ఆగరాని ప్రేవులు

గినీ పంది కడుపులో అంధనాళము అను పెద్ద సంచి కలదు. చిన్న ప్రేవు, పెద్ద ప్రేవు కలియుచోట ఇది ఉన్నది. గడ్డిలోని పీచు ఇచ్చట కోట్లకొలది సూక్ష్మజీవుల సహాయముతో పులిసి జీర్ణమగును. ఈ సంచిలో తయారైన మెత్తని ఉండలను జంతువు మలద్వారము వద్దనే నోటితో అందుకొని మరల తినును. చూచువారికి ఇది అసహ్యముగా తోచవచ్చును. కాని సూక్ష్మజీవులు తయారుచేసిన బి-విటమినులు, మాంసకృత్తులు ఈ విధముగనే దానికి దక్కుచున్నవి. కీళ్ళనొప్పులవలన నడుము వంగని ముసలి జంతువు ఈ ఉండలను అందుకొనలేదు. ముసలి మగ జంతువులలో మలద్వారము చుట్టునున్న కండరములు సడలి, ఉండలు లోపలనే పేరుకొనును. అప్పుడు ప్రతిదినము గోరువెచ్చని నీటితోను, కొద్ది నూనెతోను మృదువుగా శుభ్రపరుపవలసి యుండును.

ఈ పులియు సంచికి ఎల్లప్పుడు పీచు అందుచుండవలెను. ఆహారము ఆగినచో ప్రేవుల కదలిక మందగించును. వాయువు చేరి కడుపు ఉబ్బును. మేలుచేయు సూక్ష్మజీవులు తగ్గి కీడుచేయునవి పెరుగును. శరీరములోని క్రొవ్వు కరిగి కాలేయములో చేరును. అందుచేత 24 గంటలు తినకుండుట గినీ పందికి ప్రాణాపాయము. మనుష్యులు ఒక దినము ఉపవాసముండవచ్చును. గినీ పంది ఉండరాదు.

తినని జంతువునకు చేతితో తినిపింపవలెను. దాని మేతగా అమ్ము గుళికలను నీటిలో నానబెట్టి, మెత్తగా నూరి, సూది లేని సిరంజిలోనికి తీసికొనవలెను. జంతువును నిటారుగా ఒడిలో కూర్చుండబెట్టి, నోటి ప్రక్కనుండి ఒక మిల్లీలీటరుకు మించకుండ పోసి, నమిలి మ్రింగినంతవరకు ఆగవలెను. వెల్లకిల పరుండబెట్టి పోసినచో ఆహారము ఊపిరితిత్తులలోనికి పోవును. కిలో బరువుగల జంతువునకు దినమునకు సుమారు 50 నుండి 80 మిల్లీలీటర్ల వరకు, నాలుగైదు దఫాలుగా అవసరమగును. కడుపు ఉబ్బి, తట్టినచో డప్పువలె మ్రోగుచున్నప్పుడు మాత్రము తినిపింపక వెంటనే వైద్యుని చూడవలెను.

ఈ సూక్ష్మజీవుల విషయములోనే మరియొక ప్రమాదము కలదు. 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, ఆయన సహచరులు పెనిసిలిన్‌ను మొదట ఎలుకలపై పరీక్షించిరి. రోగక్రిములు ఎక్కించిన 8 ఎలుకలలో మందు ఇచ్చిన నాలుగును బ్రతికినవి. ఇవ్వని నాలుగును చనిపోయినవి. కాని అదే పెనిసిలిన్ గినీ పందులను చంపునని 1943 నాటికి తేలినది. అంధనాళములోని ఉపకార సూక్ష్మజీవులను అది నాశనము చేయగా, ఆ ఖాళీ స్థలములో విషము పుట్టించు క్లాస్ట్రీడియము జాతి క్రిములు విజృంభించును. ఫ్లోరీ మొదటి ప్రయోగమునకు ఎలుకలకు బదులు గినీ పందులను తీసికొనియున్నచో ఫలితము మరియొక విధముగా ఉండెడిది. కనుక మనుష్యులకు వాడగా మిగిలిన మాత్రను గాని, కుక్కకు ఇచ్చిన మందును గాని గినీ పందికి ఇయ్యరాదు. దీనికి సరిపడు సూక్ష్మజీవనాశక మందులు వేరుగా ఉన్నవి. వానిని ఎన్నుకొనవలసినవాడు వైద్యుడు.

సి-విటమిను రుణము

1907లో నార్వే రాజధానిలో, నేడు ఓస్లో అను నగరములో, ఆక్సెల్ హోల్స్ట్, థియొడోర్ ఫ్రోలిష్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు గినీ పందులకు ధాన్యము, రొట్టె మాత్రమే పెట్టి చూచిరి. వారు వెదకుచున్నది బెరిబెరి వ్యాధి కారణమును. కాని గినీ పందులకు వచ్చినది బెరిబెరి కాదు. పూర్వము దూరప్రయాణము చేయు నావికులకు వచ్చు స్కర్వీ వ్యాధి. చిగుళ్ళు చెడి, కీళ్ళలో రక్తము చేరి అవి చనిపోయినవి. తాజా కూరలు, నిమ్మరసము ఇచ్చినవానికి వ్యాధి రాలేదు. 1932లో హంగరీలో సెంట్ జార్జి, స్వర్‌బెలీ అను వారు తాము పరీక్షించుచున్న ఆమ్లమే సి-విటమిను అని గినీ పందుల సహాయముతోనే నిరూపించిరి. ఆ తరువాత సెంట్ జార్జి దానిని మిరప జాతి కాయల నుండి పెద్ద మొత్తములో తీసెను. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

గినీ పందియే ఏల పనికివచ్చినది? చాల జంతువులు సి-విటమినును తమ శరీరములోనే గ్లూకోజు నుండి తయారుచేసికొనును. దానిలోని చివరి మెట్టునకు కావలసిన ఎంజైము మనుష్యులకు, వాలము లేని కోతులకు, గినీ పందికి లేదు. ఈ ఒక్క విషయములో గినీ పంది ఎలుకకంటె మనకు దగ్గర చుట్టము.

సి-విటమిను లేనిదే కొల్లాజెన్ అను మాంసకృత్తు సరిగా ఏర్పడదు. దంతమును దవడకు, ఎముకను ఎముకకు పట్టియుంచునది, గాయమును పూడ్చునది ఈ పదార్థమే. కనుక ముసలి జంతువులో సి-విటమిను కొరత దంతముల జబ్బును, కీళ్ళనొప్పిని, పాదముల పుండ్లను ఒక్కసారిగా పెంచును. కుంటుచున్న గినీ పందిని చూచి ముసలితనమనుకొని ఊరకుందురు. కారణము విటమిను కొరత యైనచో కొద్ది దినములలోనే అది కోలుకొనవచ్చును.

ఆరోగ్యముగా ఉన్న జంతువునకు కిలో బరువునకు దినమునకు 10 నుండి 30 మిల్లీగ్రాములు చాలును. జబ్బుగా ఉన్నప్పుడు 50 వరకు అవసరము కావచ్చును. బరువు లెక్కన చూచినచో ఇది మనుష్యునకు కావలసిన దానికి అనేక రెట్లు. క్యాప్సికం ముక్క, కొత్తిమీర, చిన్న జామకాయ ముక్క ఇందుకు మంచివి. జామలో చక్కెర కూడ ఉన్నది గనుక ఎక్కువ పెట్టరాదు. సి-విటమినును త్రాగు నీటిలో కలుపుట వ్యర్థము. గాలి, వెలుతురు తగిలి అది కొద్ది గంటలలోనే తగ్గిపోవును. రుచి మారిన నీటిని జంతువు త్రాగుట మానవచ్చును. తయారై చాలకాలమైన మేత గుళికలలోను అది మిగులదు. అన్ని విటమినులు కలిసిన మాత్రలు పనికిరావు. వానిలోని ఎ, డి విటమినులు శరీరములో పేరుకొని హాని చేయును.

మూత్రాశయములో రాళ్ళు

పలు జంతువుల ప్రేవులు తమకు కావలసినంత కాల్షియమునే గ్రహించి తక్కినది వదలివేయును. గినీ పంది ఆహారములోని కాల్షియమును ఎక్కువగా గ్రహించి, మిగులును మూత్రము ద్వారా విసర్జించును. అందుచేత దాని మూత్రము సహజముగనే మబ్బుగా ఉండును; ఆరినచోట తెల్లని పొడి మిగులును. దీని మూత్రము క్షార గుణము కలది. క్షార ద్రవములో కాల్షియము కార్బనేటు కరుగక అడుగున చేరును. పాఠశాలలో సున్నపు తేటలోనికి ఊదినప్పుడు తెల్లగా ఏర్పడు పదార్థమిదియే. ఈ పొడి కాలక్రమమున గట్టిపడి రాయి యగును.

మూత్రములో రక్తము, మూత్రము పోయునప్పుడు కీచుమని అరచుట, గూనిగా కూర్చుండుట దీని లక్షణములు. మగ జంతువులో రాయి మూత్రనాళమునకు అడ్డుపడినచో అది గంటలలో ప్రాణము మీదికి వచ్చును. శస్త్రచికిత్సతో రాయిని తీయవచ్చును గాని, పుట్టించు స్వభావము మారదు. చాల జంతువులలో రాళ్ళు మరల వచ్చును. కనుక తరువాతి పోషణ ముఖ్యము. లూసర్న్ గడ్డి పాడి పశువులకు, పెరుగుచున్న గినీ పంది పిల్లలకు మంచిదే. కాని దానిలో కాల్షియము మిక్కుటము గనుక ముసలిదానికి పెట్టరాదు. మునగాకు, తోటకూర, పాలకూరలను కూడ తగ్గింపవలెను. గరిక వంటి పచ్చగడ్డి, మంచి ఎండుగడ్డి ప్రధానాహారముగా ఉండవలెను. కాల్షియమును పూర్తిగా మాన్పించుట మాత్రము తప్పు. ఎముకలు, దంతములు చెడును. అన్నింటికంటె మేలైనది నీరు. ఆకుకూరలను కడిగి తడిగానే పెట్టవలెను. మెడ ఎత్తి సీసా నుండి త్రాగలేని ముసలి జంతువునకు వెడల్పైన లోతులేని మట్టి మూకుడులో నీరుంచవలెను.

వయస్సు మళ్ళిన ఆడ జంతువులలో అండాశయముల యందు నీటి తిత్తులు చాల సాధారణము. రెండు ప్రక్కల ఒకే విధముగా వెండ్రుకలు రాలుట దీనికి గుర్తు.

నేల, వేడి, తోడు

గినీ పంది పాదముల అడుగున బొచ్చు లేదు. తీగల నేలపై నిలుచుటవలనను, అధిక బరువు వలనను పాదములు వాచి పుండ్లు పడును. పుండు ఎముకవరకు దిగినచో నయము చేయుట కష్టము. కనుక ముసలి జంతువు క్రింద మెత్తని గుడ్డ పరచి, తడిసిన వెంటనే మార్చవలెను. మెట్లు, ఎత్తైన గడపలు తీసివేసి, ఆహారము, నీరు, పడక దగ్గర దగ్గరగా ఉంచవలెను. శుక్లములు వచ్చి చూపు పోయినను ఇది వాసన, వినికిడి, మీసముల స్పర్శలతో తిరుగగలదు. కాని వస్తువుల స్థానములు మార్చరాదు. కీళ్ళనొప్పికి పశువైద్యులు మందులిత్తురు. నొప్పి తగ్గినచో జంతువు నడచును, నడచినచో తినును. కనుక నొప్పి మందు విలాసము కాదు, ఆహారములో భాగమే.

1782-83 శీతకాలములో పారిస్ నగరములో లవోజియే, లాప్లాసు అను శాస్త్రజ్ఞులు గినీ పందిని మంచుతో చుట్టబడిన పాత్రలో ఉంచి, దాని శరీరపు వేడికి కరిగిన మంచును కొలిచి, శ్వాసక్రియ ఒక విధమైన నెమ్మది దహనమని చూపిరి. ఆ దహనము వేసవిలోను ఆగదు. దీనికి చెమట పట్టి చల్లబడు ఉపాయము లేదు. 18 నుండి 24 సెంటీగ్రేడు డిగ్రీలు దీనికి సుఖము. 30 దాటినచో ప్రమాదము. తెలుగు జిల్లాలలో ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటుట సామాన్యము గనుక, మన ప్రాంతమున ముసలి గినీ పందికి వేసవియే పెద్ద శత్రువు. ఇంటిలో మిక్కిలి చల్లని గదిలో, నేలపై ఉంచవలెను. కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టి గాలి ఆడనీయవలెను. పడుకొనుటకు చల్లని బండపలక ఒకటి ఉంచవచ్చును. డాబా మీది గది, రేకుల పాక పనికిరావు.

గినీ పంది మందలో పెరుగు జంతువు. స్విట్జర్లండులో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనలు ఇట్టి జంతువులను తోడు లేకుండ పెంచరాదని విధించినవి. జబ్బు చేసినదానిని వేరు చేసినప్పుడు కూడ, అంటువ్యాధి కానిచో, మధ్య జల్లెడ అడ్డు పెట్టి తోడుదానిని చూడనీయవలెను. తోడుది తినుట చూచి ఇదియు తినుటకు ఉపక్రమించును.

చివరి నిర్ణయము

ఎంత జాగ్రత్త వహించినను ఒక దినము పోషణ ఫలించని స్థితి వచ్చును. దానిని గుర్తించుటకు కూడ ఆ బరువుల పుస్తకమే సహాయపడును. చేతితో తినిపించుచున్నను బరువు తగ్గుచున్నదా? మందు ఇచ్చినను నొప్పి లక్షణములు పోవుట లేదా? ఇష్టమైన కొత్తిమీర చూపినను, తోడుది పిలిచినను తల ఎత్తుట లేదా? ఈ మూడు ప్రశ్నలకును కొన్ని దినములు వరుసగా అవుననియే సమాధానము వచ్చినచో, దానిని ఇంకను బ్రతికించుట దాని కొరకు కాదు, పెంచినవారి కొరకే యగును. అప్పుడు వైద్యుని సలహాతో బాధలేని మరణము కలిగించుట క్రూరత్వము కాదు. ఇంటిలోని పిల్లలకు ఆ సంగతిని దాచక చెప్పవలెను. పుస్తకములోని అంకెలను చూపినచో వారు గ్రహింపగలరు.

ఇట్లు చూడగా ముసలి గినీ పంది పోషణలో ఉపయోగపడు జ్ఞానములో చాల భాగము గినీ పంది ఇచ్చినదే. సి-విటమిను అవసరము, పెనిసిలిన్ హాని, శరీరపు వేడి కొలత, ఇవన్నియు ప్రయోగశాలలలో దాని శరీరము చెప్పిన పాఠములు. అచ్చట దానికి ముసలితనము చూచు అవకాశము లేకపోయెను. ఇంటిలో ఆ అవకాశము పొందిన ఒక్క జంతువునకు ఆ పాఠములను ఉపయోగించుట పెంచువారి విధి. అందుకు కావలసినవి ఒక కాటా, ఒక పుస్తకము, దినమునకు కొంత సమయము.

ఒకటి మరణించిన తరువాత రెండవది మిగులును. అదియు ముసలిదే కావచ్చును. మరునాటి ఉదయము దానిని తూచుట మరువరాదు.